‘కావలెను’ అన్న తర్వాత ఏం రాయాలి?

“అర్జెంట్ రిక్వైర్‌మెంట్. సాఫ్ట్‌వేర్ డెవలపర్లు కావలెను. జావా, పైథాన్, రియాక్ట్, ఆంగ్యులర్, ఏడబ్ల్యూఎస్, డాకర్ వచ్చి ఉండాలి. అనుభవం 0–5 ఏళ్లు. ఒత్తిడిని తట్టుకుని పనిచేయగలగాలి. జీతం అర్హతను బట్టి. ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే.”

ఇలాంటి ప్రకటనలు కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతూనే ఉంటాయి. ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి దీన్ని చదివితే ఏం తెలుస్తుంది? కంపెనీ ఏం తయారుచేస్తుందో తెలియదు. పొద్దున ఆఫీసుకెళ్లి ఏం చేయాలో తెలియదు. నెలకు చేతికి ఎంతొస్తుందో తెలియదు. అయినా దీనికి రెజ్యూమెలు కుప్పలుగా వస్తాయి. కనబడిన ప్రతి ప్రకటనకూ అప్లై చేసేవాళ్లు దీనికీ చేస్తారు. కానీ ప్రకటన ఇచ్చే సంస్థగా మీకు నిజంగా కావలసిన మనిషి ఇప్పటికే ఎక్కడో పనిచేస్తూ ఉంటాడు, లేదా ఉంటుంది. ఆ మనిషి ఈ ప్రకటన దగ్గర ఆగడు.

పెద్ద కంపెనీకి ఇంత ఆలోచన అక్కర్లేదు. టీసీఎస్ అనో ఇన్ఫోసిస్ అనో పైన రాసి ఉంటే, కింద ఏముందో చదవకుండానే జనం అప్లై చేస్తారు. స్టార్టప్‌కు పేరు లేదు. పేరు చేయాల్సిన పని మొత్తం ఆ నాలుగు పేరాల ప్రకటనే చేయాలి. హైదరాబాద్‌లో ఉన్న స్టార్టప్‌కే ఇది కష్టమైతే, మన ప్రాంతంలో పెట్టిన సంస్థకు మరీ కష్టం. కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఆ రోడ్డు ఒకవైపు హైదరాబాద్‌కు, మరోవైపు విజయవాడకు పోతుంది. అనంతగిరి దగ్గరి అనురాగ్ కాలేజీలోనో ఇంకో కాలేజీలోనో ఇంజినీరింగ్ అయిన పిల్లలు బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కడం ఇక్కడ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. 2023 అక్టోబరులో సూర్యాపేటలో ఐటీ హబ్ మొదలైంది. భవనం వచ్చింది కదా అని మనుషులు వాళ్లంతట వాళ్లు వెనక్కి రారు. ఎందుకు రావాలో ఎవరో ఒకరు వాళ్లకు విడమరిచి చెప్పాలి. అది చెప్పే మొదటి కాగితం మీ ప్రకటనే.

ఇంకో సంగతి. మన దగ్గర ఉద్యోగ ప్రకటనకు ఇద్దరు పాఠకులు ఉంటారు. ఒకరు అప్లై చేసే అమ్మాయో అబ్బాయో. రెండోవారు వాళ్లింట్లో అమ్మానాన్నలు. “ఏ కంపెనీ రా? ఎప్పుడూ వినలేదే. జీతం టైముకిస్తారా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాలి?” ఈ ప్రశ్నలు ఏ ఇంటర్వ్యూలోనూ వినబడవు. చేరతానని చెప్పి ఆఖరి రోజున ఫోన్ ఎత్తని వాళ్లలో చాలామంది వెనక ఈ ప్రశ్నలే ఉంటాయి. అందుకని మీ ప్రకటన ఇంట్లో చూపించడానికి పనికొచ్చేలా ఉండాలి. చదివి వినిపిస్తే నాన్నకు అర్థం కావాలి.

ముందు పని తేల్చుకోండి

ప్రకటన పేలవంగా ఉందంటే సాధారణంగా భాష కారణం కాదు. ఆ మనిషి వచ్చాక ఏం చేయాలో సంస్థే తేల్చుకోలేదు. “ఒక ఫుల్ స్టాక్ డెవలపర్ కావాలి” అన్న మాట నిర్ణయం కాదు, అది కోరిక. రాయడానికి కూర్చునే ముందు, కొత్తగా వచ్చేవారి పక్క కుర్చీలో కూర్చోబోయే డెవలపర్‌ను పిలిచి ఒకటే అడగండి: “ఆరు నెలల తర్వాత ఏ ఒక్క పని పూర్తయి ఉంటే, ఈ మనిషి వచ్చింది మంచిదైంది అనుకుంటావు?” ఆ జవాబు రాని రోజున ప్రకటన ఇవ్వకండి.

ఉదాహరణకు ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. మిర్యాలగూడ రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఆఫీసు సూర్యాపేటలో. ఇంతమందికి అన్నం పెట్టే మిల్లులున్న చోట ఇలాంటి సంస్థకు పని కరువుండదు. పైన చూసిన ప్రకటనే ఈ సంస్థ కూడా ఇస్తే దాని పని ఎవరికీ కనబడదు. అదే ఇలా రాస్తే:

“ధాన్యం లారీ కాటా ఎక్కిన దగ్గర్నుంచి బియ్యం బస్తాలు గేటు దాటేదాకా మిల్లు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. లారీ కాటా మీద నిలవగానే బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలి. తేమ ఎంత, తరుగు ఎంత తీశారు అన్నది రైతు చేతికిచ్చే చీటీ మీద స్పష్టంగా పడాలి. సీజన్‌లో రాత్రీ పగలూ లారీలు వస్తూనే ఉంటాయి. మధ్యలో నెట్ పోతుంది, ఒక్కోసారి కరెంటూ పోతుంది. లెక్క మాత్రం పోకూడదు. ఇప్పుడు మా ప్రోగ్రాం నెట్ ఉంటేనే నడుస్తోంది. మీరు వచ్చాక మొదటి ఆరు నెలల్లో చేయాల్సిన పని ఇదీ: నెట్ లేకపోయినా ఎంట్రీలు మిల్లులోని కంప్యూటర్‌లో భద్రంగా ఉండాలి, నెట్ రాగానే ఏ చీటీ రెండుసార్లు పడకుండా సర్వర్‌కు చేరాలి. కోడ్ పైథాన్‌లో ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఇప్పుడు ఇద్దరు డెవలపర్లం ఉన్నాం, మీరు మూడోవారు. నెలకు రెండు మూడుసార్లు మిల్లుకు వెళ్లి కాటా గుమాస్తా పక్కన కూర్చోవాల్సి ఉంటుంది, కాబట్టి తెలుగులో హాయిగా మాట్లాడగలగాలి. వడ్ల సీజన్ రెండు నెలలూ పని ఎక్కువ. రాత్రి ఫోన్ వస్తే ఎత్తే డ్యూటీ ముగ్గురం వంతులవారీగా పంచుకుంటాం.”

ఇందులో గొప్పలు ఏమీ లేవు. ‘డైనమిక్’ లేదు, ‘రాక్‌స్టార్’ లేదు, ‘కుటుంబంలాంటి వాతావరణం’ లేదు. కానీ పని తెలిసిన ఇంజినీరు ‘ఏ చీటీ రెండుసార్లు పడకుండా’ అన్న ముక్క దగ్గర ఆగుతాడు. నెట్ తెగిపోయి మళ్లీ వచ్చినప్పుడు రెండు చోట్ల ఉన్న లెక్కలను కలపడం ఎంత చిక్కు సమస్యో అతనికి తెలుసు. దాన్ని ఎలా చేయాలా అని అప్పుడే ఆలోచించడం మొదలుపెడతాడు. అలా ఆలోచించడం మొదలుపెట్టిన మనిషే మీకు కావాల్సింది. ఇక తరుగు మాట. మన ప్రాంతంలో ధాన్యం అమ్మిన ప్రతి ఇంట్లో తరుగు గురించి బాధ ఉంది. రైతు ఇంటి నుంచి వచ్చిన ఇంజినీరుకు ఆ చీటీ మీద పడే అంకె విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. జీతం కాక ఇంకేదైనా మనిషిని హైదరాబాద్ నుంచి వెనక్కి తేగలదంటే అది ఇలాంటి పనే అని నేను గట్టిగా నమ్ముతాను.

కష్టమైన సంగతి కూడా అందులోనే ఉంది చూడండి: రాత్రి ఫోన్లు. దాచిపెడితే మూడో నెలలో బయటపడుతుంది, నాలుగో నెలలో మనిషి వెళ్లిపోతాడు. ముందే చెబితే, అది కుదరని వాళ్లు అప్లై చేయరు. మీకూ వాళ్లకూ సమయం మిగులుతుంది.

వచ్చి ఉండాల్సినవి, వచ్చాక నేర్చుకునేవి

ఆరేడు టెక్నాలజీల పేర్లు వరసగా రాసేవాళ్లు ఎక్కువ అడిగితే మంచివాళ్లు వస్తారనుకుంటారు. జరిగేది వేరు. నిజాయితీ ఉన్నవాళ్లు “నాకు ఇందులో రెండు రావు” అని తప్పుకుంటారు. మిగతావాళ్లు అన్నీ రెజ్యూమెలో రాసుకుని వస్తారు. మొదటి రోజు నుంచే లేకపోతే పని నడవనివి ఏవో రెండో మూడో ఉంటాయి. వాటినే ‘తప్పనిసరి’ అనండి. మిగతావన్నీ వచ్చాక నేర్చుకోవచ్చని రాయండి. మన మిల్లు ఉదాహరణలో పైథాన్ గానీ అలాంటి ఇంకో భాష గానీ బాగా రావాలి, డేటాబేస్ మీద పట్టుండాలి. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యాన్ని ఆడించి బియ్యంగా తిరిగిచ్చే సీఎంఆర్ లెక్క వచ్చి ఉండాల్సిన పనిలేదు. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగివ్వాలన్నది ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు.

‘0–5 ఏళ్లు’ అని రాయకండి. నిన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లకూ, అయిదేళ్లు పనిచేసిన మనిషికీ ఒకే పని, ఒకే జీతం ఎలా ఉంటాయి? ఫ్రెషర్ కావాలంటే ఫ్రెషర్ అని రాసి, ఎవరు నేర్పుతారో రాయండి. నేర్పే తీరిక ఎవరికీ లేకపోతే అది కూడా తేల్చుకోండి.

‘టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు’ అన్న వాక్యం పెద్ద కంపెనీల నుంచి ఎరువు తెచ్చుకున్నది. వేలమంది వచ్చే చోట జల్లెడ పట్టడానికి వాళ్లకు అది అవసరం కావచ్చు. మీకు వేలమంది రారు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిన పిల్లాడు ఈ రోజు చక్కటి కోడ్ రాస్తుంటే, ఆ పాత మార్కు మీకెందుకు?

‘మేల్ క్యాండిడేట్స్ ఓన్లీ’ అన్న ముక్క ఇప్పటికీ కొన్ని ప్రకటనల్లో కనబడుతూనే ఉంది. అది తప్పు, చట్టానికీ విరుద్ధం. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడామగా భేదం చూపకూడదని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. కోదాడలో ప్రత్యేకంగా అమ్మాయిల కోసమే ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. ఆ చదువుకున్న పిల్లలను గుమ్మం దగ్గరే ఆపితే నష్టం సంస్థదే. నేరుగా ‘మగవాళ్లు మాత్రమే’ అనకపోయినా మాటతీరు కూడా అదే పని చేయగలదు. డానియెల్ గాచర్, జస్టిన్ ఫ్రీసెన్, ఆరన్ కే అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, దూకుడు, ఆధిపత్యం, పోటీ ధ్వనించే మాటలతో నిండిన ప్రకటనలు చదివిన స్త్రీలకు ఆ ఉద్యోగాల మీద ఆసక్తి తగ్గింది. తమకు ఆ పని చేతకాదని వాళ్లు అనుకోలేదు. అక్కడ తమకు చోటుండదని అనిపించింది. రాత్రి డ్యూటీ ఉంటే ‘అమ్మాయిలు వద్దు’ అని రాసే బదులు ఇంటికి చేర్చే ఏర్పాటేమిటో, లేదా ఇంటి నుంచే చూసుకోవచ్చో లేదో రాయండి.

జీతం

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. ‘జీతం అర్హతను బట్టి’ అని రాసే యజమానికి నిజానికి మనసులో ఒక అంకె ఉంటుంది. ఎదుటివాడు తక్కువ అడిగితే తక్కువకే ఒప్పుకుందామని ఆగుతాడు. అలా తక్కువకు చేరిన మనిషికి ఏడాదిలోపే పక్క కుర్చీ జీతం తెలుస్తుంది. ఆ రోజు నుంచి అతను మీ దగ్గర ఉండడు, ఉన్నా మనసు ఉండదు.

ప్రపంచం కూడా దాపరికం నుంచి బయటికి వస్తోంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం ఎంత నుంచి ఎంత దాకానో చెప్పడం తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2023లో జీతాల పారదర్శకతపై ఆదేశం తెచ్చింది. మన దగ్గర చట్టం అలా అడగడం లేదు కాబట్టి, రాసిన సంస్థ వెంటనే వేరుగా కనబడుతుంది. పేరులేని స్టార్టప్‌కు ఇంతకంటే చవకైన ప్రచారం దొరకదు.

అంకె రాస్తే సరిపోదు, ఏ అంకె రాశారన్నది చూడాలి. సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఏడాది ఖర్చు, ఆరు లక్షలు అనగానే ఇంట్లో నెలకు 50 వేలు అని లెక్కేసుకుంటారు. అసలు లెక్క చూద్దాం. బేసిక్ సగం, అంటే ఏడాదికి 3 లక్షలు అనుకుందాం. దాని మీద 12 శాతం కంపెనీ కట్టే పీఎఫ్, 36 వేలు. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, 14,430 రూపాయలు. ఇది సాధారణంగా అయిదేళ్లు పనిచేస్తేనే చేతికొచ్చే డబ్బు. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 60 వేలు అనుకుందాం. ఇవన్నీ ఆరు లక్షల్లోవే. మిగిలిన దాంట్లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 36 వేలు, వృత్తి పన్ను నెలకు 200 పోతాయి. చివరికి నెలనెలా బ్యాంకులో పడేది సుమారు 37,600. యాభై వేలనుకున్న ఇంట్లోకి మొదటి నెల 37,600 వస్తే, మీరు అబద్ధం ఆడకపోయినా వాళ్లకు మోసపోయినట్టే ఉంటుంది. అందుకని ప్రకటనలో రెండూ రాయండి: “సీటీసీ 6 నుంచి 7.5 లక్షలు, నెలకు చేతికి వచ్చేది సుమారు ఇంత నుంచి ఇంత.” నాన్నకు చదివి వినిపించే వాక్యం ఇదే.

షేర్లు ఇస్తామని కొందరు రాస్తారు. ‘వెయ్యి ఈసాప్‌లు’ అంటే ఏమీ అర్థం కాదు, కంపెనీలో మొత్తం ఎన్ని షేర్లున్నాయో తెలిస్తే తప్ప. శాతంలో చెప్పండి. ఎన్నేళ్లలో హక్కు వస్తుందో చెప్పండి. 2014 కంపెనీ నియమాల ప్రకారం ఆప్షన్ ఇచ్చిన రోజుకూ హక్కు వచ్చే రోజుకూ మధ్య కనీసం ఏడాది ఉండి తీరాలి. ఆ షేర్లకు ఒక్క రూపాయి కూడా రాకపోవచ్చన్నది కూడా నిజమే. అందుకే జీతం తగ్గించడానికి వాటిని అడ్డం పెట్టుకోకూడదు.

జీతం బయటపెడితే ఇప్పుడున్న ఉద్యోగులు గొడవపడతారేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. అది నిజంగా జరిగేదే అయితే ముందు సరిచేయాల్సింది ఆ జీతాలను.

నమ్మకం ఎలా కలుగుతుంది

మన పిల్లలు మోసపోయి ఉన్నారు. బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు గుంజిన కన్సల్టెన్సీలు, ట్రైనింగ్ పేరుతో డబ్బు కట్టించుకుని బోర్డు తిప్పేసినవాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని కదలనీయకుండా చేసినవాళ్లు అమీర్‌పేట చుట్టూ తిరిగిన ఎవరికైనా తెలుసు. పొలం మీద అప్పు తెచ్చి కట్టిన కుటుంబాలున్నాయి. కాబట్టి కొత్త సంస్థ ప్రకటన చూడగానే మొదట పుట్టేది అనుమానమే, అది న్యాయమైన అనుమానం. దాన్ని ఒక వాక్యంతో తీర్చవచ్చు: “ఏ దశలోనూ డబ్బు తీసుకోం. బాండ్ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అక్కడే తిరిగిచ్చేస్తాం.” దాని కింద కంపెనీ రిజిస్టరైన పేరు, సీఐఎన్ నంబరు, ఆఫీసు చిరునామా, సంస్థ సొంత మెయిల్ ఐడీ ఉండాలి. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. ఇంట్లోవాళ్లు చూస్తారు కూడా.

స్టార్టప్ అంటే రేపు ఉంటుందో ఉండదో అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, మిల్లులు కట్టే చందానా, పెట్టుబడిదారులదా? ఇప్పుడున్న డబ్బుతో ఎన్ని నెలలు జీతాలు ఇవ్వగలరు? ప్రకటనలో రాయడం ఇబ్బందైతే మొదటి ఫోన్‌లో చెబుతామని రాయండి, చెప్పండి.

‘ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే’ అన్నది నాకు అన్నింటికంటే నష్టం చేసే వాక్యంగా కనబడుతుంది. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు పీరియడ్ 90 రోజులు. అంటే ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్న ప్రతివాళ్లనూ మీరు ఒక్క మాటతో పక్కన పెట్టేస్తున్నారు. ఆరు నెలల పని తేల్చుకున్న సంస్థ మూడు నెలలు ఆగలేదా?

ఎంపిక ఎలా జరుగుతుందో కూడా రాయండి. ఎన్ని రౌండ్లు, ఎవరు మాట్లాడతారు, ఇంటికి ఏదైనా పని ఇస్తే దానికి ఎంతసేపు పడుతుంది. రెండు గంటలకు మించిన పని ఇస్తే డబ్బు ఇవ్వండి. మీ అసలు ప్రాజెక్టు పనిని పరీక్ష పేరుతో చేయించుకోకండి.

ఊరి గురించి

సూర్యాపేటలోనో కోదాడలోనో ఆఫీసు ఉందన్నదాన్ని ప్రకటన చివర్లో చిన్న అక్షరాలతో దాచకండి, మొదట్లోనే చెప్పండి. దాచాల్సిన విషయం కాదది. జోహో 2011లోనే తమిళనాడులో తెన్‌కాశి దగ్గర పల్లెలో ఆఫీసు తెరిచింది. జోహో డెస్క్ అనే వాళ్ల ఉత్పత్తి అక్కడి నుంచే వచ్చింది. మన దగ్గర కూడా 2020 కొవిడ్ కాలంలో ఎంతోమంది ఇంజినీర్లు సొంతూళ్ల నుంచి నెలల తరబడి పనిచేశారు, పనిచేయవచ్చని చూశారు. హైదరాబాద్ హాస్టల్ ఫీజు, ట్రాఫిక్‌లో పోయే గంటలు, ఇంటి దగ్గర వయసు మీదపడుతున్న అమ్మానాన్నలు, ఇవి అప్లై చేసేవాళ్ల లెక్కలో ఎలాగూ ఉన్నాయి. వాటిని మీరు మళ్లీ కదిలించక్కర్లేదు. మీరు చెప్పాల్సింది వాళ్లకు తెలియనివి: నెట్‌కు రెండు లైన్లు ఉన్నాయా, కరెంటు పోతే బ్యాకప్ ఎంతసేపు, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, హైదరాబాద్ నుంచే చేయాలనుకుంటే కుదురుతుందా లేదా.

చెప్పేదంతా ముందు తెలుగులో రాసుకోండి, ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే చెప్పినట్టు. తర్వాత లింక్డిన్ కోసమో నౌకరీ కోసమో ఇంగ్లిష్‌లోకి మార్చండి. మొదటే ఇంగ్లిష్‌లో కూర్చుంటే ఎక్కడో చూసిన పాత ప్రకటనల వాక్యాలే చేతికొస్తాయి. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులకు, ఊరి వాట్సాప్ గ్రూపులకు తెలుగు ప్రతినే పంపినా నష్టం లేదు.

పంపే ముందు మీ సంస్థతో సంబంధం లేని డెవలపర్ ఒకరికి ఇచ్చి చదివించండి. చదివాక కాగితం తీసేసుకుని, ఈ ఉద్యోగంలో ఏం చేయాలో తన మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

అప్లై చేసిన ప్రతివాళ్లకూ జవాబు ఇవ్వండి, తీసుకోనివాళ్లకు కూడా, రెండు లైన్లయినా సరే. కోదాడ చిన్న ఊరు. ఈసారి కుదరని అమ్మాయి తమ్ముడు వచ్చే ఏడాది బీటెక్ పూర్తి చేస్తాడు. పోస్టు నిండిన రోజునే ప్రకటన తీసేయండి. గ్రూపుల్లో ఇంకా తిరుగుతుంటే, భర్తీ అయిపోయిందని అక్కడే ఒక మెసేజ్ పెట్టండి.